నాంచారయ్య బోటుకు పాత హెడర్లు

కెజియాకి వచ్చిన కష్టం ఒక్కటే. ఆమె రాసిన ప్రోగ్రాం ఆమె బల్ల మీద హారన్ మోగిస్తుంది, నాంచారయ్య బోటులో మోగించదు.

బందరు దగ్గర గిలకలదిండి రేవులో చాలా బోట్లకి స్టీరింగ్ పక్కన ఒక చిన్న పెట్టె బిగించి ఉంటుంది. లోపల బుల్లి కంప్యూటరు. తుపాను హెచ్చరిక వస్తే ఇన్నాళ్లూ ఆ పెట్టె మీద ఎర్రదీపం వెలిగేది. కానీ వల లాగేటప్పుడు దీపం వంక చూసే తీరిక ఎవరికుంటుంది? నిరుడు నాంచారయ్య కొడుకు దాన్ని చూసుకోలేదు. గాలివానకి చిక్కి, వలలు సముద్రంలోనే వదిలేసి, ప్రాణాలు దక్కించుకుని ఒడ్డున పడ్డాడు.

కొడుకు ఇల్లు చేరాక నాంచారయ్య, ఆ పెట్టెలు తయారు చేసిన మీరావలి మాస్టారి మేడ మెట్లెక్కాడు. దీపం చాలదు, అరిచేది కావాలన్నాడు. ఎవరో ఒకరు వచ్చి బటన్ నొక్కేదాకా అది అరుస్తూనే ఉండాలన్నాడు. మాస్టారు సరేనని ఆ పని కెజియాకి అప్పగించారు.

ఇప్పుడు సముద్రంలో చేపల వేట నిషేధం ముగియడానికి వారం కూడా లేదు. నిషేధం ఎత్తేసిన పొద్దున రేవులో బోటన్నది మిగలదు, అన్నీ ఒకేసారి సముద్రం మీదికి పోతాయి. ఈలోపు హారన్ మోగాలి. మోగకపోతే నాంచారయ్య కొడుకు మళ్లీ ఆ ఎర్రదీపాన్నే నమ్ముకుని పోవాలి.

మీరావలి మాస్టారి గురించి నాలుగు మాటలు చెప్పకపోతే ఈ కథ ముందుకు కదలదు. ఎక్కడెక్కడో పెద్ద కంపెనీల్లో పనిచేసి, తల నెరిశాక బందరు ఇనగుదురుపేటలోని సొంత ఇంటికి వచ్చేశారు. అంత పెద్ద ఉద్యోగం ఎందుకు వదిలారని ఎవరైనా అడిగితే, అక్కడ టీ బాగుండదు అనేవారు. కింద గదుల్లో ఆయన ఉండేవారు. మేడ మీద పొడుగాటి గదిలో మేం నలుగురైదుగురం కూర్చుని పని నేర్చుకునేవాళ్లం. నేర్చుకునేవాళ్లం అంటున్నాను గానీ ఆయన నేర్పడం నేనెప్పుడూ చూడలేదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టే మనిషి కాదు. మనకి ఆకలి వేసేదాకా ఊరుకుంటారు. ఆ ఊరుకోవడం ఎంత కష్టమో నాకూ ఇద్దరు శిష్యులు తయారయ్యాక తెలిసింది. అప్పటినుంచీ ఆయన పేరు చెబితే నా చేతులు వాటంతటవే జోడవుతాయి.

ఆ గదిలో కట్టుబాట్లు పెద్దగా లేవు. చెప్పులు మెట్ల దగ్గర విడవాలి. టీ తాగిన గ్లాసు ఎవరిది వాళ్లు కడుక్కోవాలి. హెడర్ ఫైళ్ల ఫోల్డర్ జోలికి పోకూడదు.

హెడర్ ఫైళ్లంటే ఏమిటో తెలియనివాళ్లు బెదరక్కర్లేదు. కంప్యూటరు లోపల కెర్నెల్ అనేదొకటి ఉంటుంది. బటన్, హారన్, దీపం, గడియారం అన్నీ దాని చేతికిందే. మనం రాసే ప్రోగ్రాం వాటిని తిన్నగా ముట్టుకోదు, కావాల్సింది కెర్నెల్‌ని అడిగి తెలుసుకుంటుంది. ఈ ఇద్దరి మధ్యా కబుర్లు మోయడానికి లైబ్రరీ అని మరొకటి ఉంటుంది. కెర్నెల్‌ని ఏ మాట ఎలా అడగాలి, జవాబు వచ్చినప్పుడు ఏ గడిలో ఏముంటుంది అన్నది చిన్న చిన్న ఫైళ్లలో రాసి ఉంటుంది. అవే హెడర్ ఫైళ్లు. ప్రోగ్రాంని కంపైల్ చేసేటప్పుడు, అంటే మనం రాసిందాన్ని కంప్యూటరు భాషలోకి మార్చేటప్పుడు, ఆ గడుల వరస ప్రోగ్రాంకి ఎక్కిపోతుంది. ఆ తర్వాత అది మళ్లీ హెడర్ల మొహం చూడదు. అప్పుడు నేర్చుకున్న వరసతోనే కాలం గడుపుతుంది.

ఇక కెజియా. మా గదికి వచ్చినవాళ్లలో అంత చురుకైన మనిషిని నేను చూడలేదు, ఆ మాట ఇప్పుడూ అంటాను. విజయవాడలో చదువు ముగించి వచ్చింది. ఆమె బల్ల చూస్తే ముచ్చటేసేది. పట్టకారు, కత్తెర, సోల్డరింగ్ ఐరన్, చిన్న స్క్రూడ్రైవర్లు ఎక్కడివక్కడ ఉండాల్సిందే. తెర మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాపితే కావాల్సిన వస్తువు చేతిలో ఉండేది. మేం మా బల్లల మీద పెన్ను కోసం కాగితాలన్నీ ఎత్తి దులుపుతుంటే ఆమె నవ్వు ఆపుకునేది.

హారన్ పని మొదలుపెట్టిన రోజునే ఆమె ఆ ఫోల్డర్ తెరిచి చూసింది. ఫైళ్ల మీద ఏళ్ల కిందటి తేదీలున్నాయి. కెర్నెల్ ఆ తర్వాత ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు. అంతా పాత చింతకాయ పచ్చడిలా ఉందే అనుకుంది. మాస్టారు పెద్దవారైపోయారు, ఇవన్నీ చూసుకోవడం ఆయనకి కుదరడం లేదు కాబోలని కొంచెం జాలి కూడా పడింది.

ఆ జాలితోనే ఒక పని చేసింది. సరికొత్త కెర్నెల్ సోర్సు, అంటే దాని మూలపాఠం, తెచ్చుకుంది. పాత ఫోల్డర్ తీసేసి, దాని చోట ఒక లింకు పెట్టి, ఆ లింకుని తిన్నగా కొత్త కెర్నెల్ సోర్సుకి కలిపింది. ఇకమీదట కెర్నెల్ ఎంత కొత్తదైతే హెడర్లూ అంత కొత్తగా ఉంటాయి, ఎవరూ కనిపెట్టుకుని కూర్చోనక్కర్లేదు అనుకుంది. మాస్టారికి చెప్పలేదు. పని పూర్తయ్యాక చెబితే సంతోషిస్తారనుకుంది.

ప్రోగ్రాం ఒక్క తప్పు చూపకుండా కంపైలైంది. బల్ల మీద ఆమె తనే ఒక కొత్త పెట్టె తయారు చేసుకుంది. అందులో కెర్నెల్ కొత్తదే, లైబ్రరీ కొత్తదే. ఉత్తుత్తి హెచ్చరిక పంపగానే హారన్ గది అదిరిపోయేలా అరిచింది. బటన్ నొక్కితే ఊరుకుంది. మేమందరం చప్పట్లు కొట్టాం. మాస్టారు కూడా తలూపారు.

కొత్త ప్రోగ్రాం ఏదైనా ముందు ఒక్క బోటుకే ఇవ్వడం మాస్టారి పద్ధతి. బోటు ఒడ్డు దరికి వచ్చి సిగ్నల్ అందగానే దానిలోని పెట్టె మాస్టారి సర్వర్‌ని పలకరిస్తుంది, నాకేమైనా కొత్తది ఉందా అని. ఉంటే తీసుకుంటుంది. ఈసారి మొదటి బోటు నాంచారయ్యదే. రేవులో కట్టేసి ఉంది కాబట్టి ప్రోగ్రాం ఇట్టే చేరిపోయింది. హారన్ బిగించి, మేడ మీంచి ఉత్తుత్తి హెచ్చరిక పంపారు. అక్కడ ఎర్రదీపం వెలిగింది. హారన్ నోరు మెదపలేదు.

నాంచారయ్య పెట్టె ఊడదీసి బియ్యం సంచిలో వేసుకుని వచ్చాడు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, సంచిని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకి కోపం లేదు. దిగులు మాత్రం కనిపిస్తోంది.

కెజియా ఆ పెట్టెని మాస్టారి బల్ల మీద పెట్టి విప్పింది. పాత పెట్టెల మరమ్మతంతా ఆ బల్ల మీదే జరిగేది. ఉప్పుగాలికి వైర్లు తుప్పు పట్టి ఉంటాయంది. వైర్లు మార్చింది. హారన్ మార్చింది. బటన్ మార్చింది. హెచ్చరిక పంపిన ప్రతిసారీ దీపం వెలిగేది, హారన్ మాత్రం పలికేది కాదు. ఆ రోజూ, మర్నాడూ అదే తంతు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, చివరికి తప్పంతా పెట్టెల మీదికి నెట్టింది. ఇవి ముసలివైపోయాయి, రేవులో పెట్టెలన్నీ తీసేసి కొత్తవి బిగించాలి అంది. అప్పటిదాకా ప్రోగ్రాంని అన్ని బోట్లకీ పంపేద్దాం, బాగున్న పెట్టెల్లో అయినా మోగుతుంది కదా అని కూడా అంది.

పెట్టె పట్టుకుపోదామని మళ్లీ వచ్చిన నాంచారయ్య మాస్టారి వంక చూశాడు. తర్వాత కెజియా వైపు తిరిగాడు.

"కొత్త పెట్టెలు వచ్చేదాకా సముద్రం ఆగుద్దా అమ్మాయిగారూ?" అన్నాడు.

ఖాళీ సంచి అక్కడే వదిలేసి మెట్లు దిగి వెళ్లిపోయాడు. కెజియా మొహం ఎర్రబడింది. ఆ మనిషి తనని తప్పు పట్టలేదని ఆమెకి తెలుసు. అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది.

మాస్టారు ప్రోగ్రాంని ఇంకా ఏ బోటుకీ పంపొద్దన్నారు. ఎందుకో చెప్పలేదు. కెజియా కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, ఆఖరికి మనసులో ఉన్నది అడిగేసింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే పట్టుదల ఆ గొంతులో మా అందరికీ వినిపించింది.

"కొత్తగా రాసింది పాత పెట్టెల కోసం ఎందుకు తగ్గాలి మాస్టారూ? పాతవాటినే మార్చేస్తే పోదా?"

మాస్టారు తన బల్ల దగ్గర నిలబడి టీ తాగుతున్నారు. సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి, నింపాదిగా కెజియా బల్ల దగ్గరికి వచ్చారు.

"కళ్లు మూసుకోమ్మా," అన్నారు.

కెజియా మూసుకుంది.

"పట్టకారు ఇవ్వు."

చెయ్యి సూటిగా కుడివైపు వెళ్లింది. తడుముకోలేదు. పట్టకారు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కత్తెర అడిగారు, కత్తెర వచ్చింది. చిన్న స్క్రూడ్రైవర్ అడిగారు, అదీ వచ్చింది. మాస్టారి మొహంలో నిజమైన సంతోషం కనిపించింది. ఆయన ఎవరినైనా పరీక్షించేటప్పుడు కూడా వాళ్లు నెగ్గాలనే కోరుకునేవారు.

"బాగుంది. కళ్లు తెరవకు," అన్నారు.

ఆమె కూర్చున్నది చక్రాల కుర్చీ. ఆయన వెనక నుంచి కుర్చీ పట్టుకుని మెల్లగా నెట్టడం మొదలుపెట్టారు. కెజియాకి నవ్వొచ్చింది. అంత పెద్దాయన తనని కుర్చీలో నెట్టుకుపోతుంటే మాకూ నవ్వొచ్చింది. కుర్చీని తన బల్ల ముందుకి తెచ్చి, ఆమె బల్ల దగ్గర ఎలా ఉందో సరిగ్గా అలాగే నిలబెట్టారు.

"పట్టకారు ఇవ్వు," అన్నారు మళ్లీ.

ఆమె చెయ్యి మళ్లీ సూటిగా కుడివైపు వెళ్లింది. తిన్నగా టీ గ్లాసుకి తగిలింది. గ్లాసు ఒరిగి, టీ అంతా బల్ల మీద పారి, నాంచారయ్య పెట్టె దాకా వెళ్లింది. మాలో ఒకడు చటుక్కున పెట్టెని పైకెత్తాడు.

కెజియా కళ్లు తెరిచింది. తడి చేతిని చూసుకుంది.

"ఇది నా బల్ల కాదు కదా మాస్టారూ. మీరు నెట్టుకొచ్చారని నాకు తెలుస్తూనే ఉంది," అంది.

"నీకు తెలిసింది," అన్నారు మాస్టారు. "చేతికి తెలియలేదు."

పక్క వీధి మసీదులో సాయంత్రం నమాజు పిలుపు, అసర్ అజా, వినిపించింది. ఆయన భుజాన ఉన్న తువాలు తీసి ఆమెకిచ్చి, నమాజుకి వెళ్లిపోయారు.

కెజియా ఆ తువాలుతో బల్ల తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. గ్లాసు పడినందుకు ఆమె బాధపడటం లేదు. చెయ్యి అంత ధీమాగా ఎలా వెళ్లిందన్నదే ఆమెని పట్టుకుంది. ఒక్క క్షణం తడుముకుని ఉంటే గ్లాసు తగిలేది కాదు. తన బల్ల మీద అది ఎంత బాగా పనిచేసిందో ఇక్కడ అంత నమ్మకంగా తప్పు చేసింది.

తువాలు పక్కన పెట్టి నాంచారయ్య పెట్టెని తన తెరకి కలిపింది. వైర్ల సంగతి వదిలేసింది. ఈసారి, బటన్ గురించి అడిగినప్పుడు కెర్నెల్ నుంచి వచ్చే జవాబుని గడి గడిగా తెర మీదికి తెప్పించుకుంది. పక్కనే తన బల్ల మీది కొత్త పెట్టె జవాబు కూడా పెట్టుకుంది. రెండూ చూడగానే సంగతి బయటపడింది.

జవాబులో మొదటి గడి కాలానిది, బటన్ కబురు ఎప్పుడు పుట్టిందో చెప్పే గడి. కొత్త హెడర్లలో ఆ గడిని వెడల్పు చేశారు. దాంతో వెనకున్న గడులన్నీ జరిగాయి. బోటు పెట్టెలోని లైబ్రరీ పాతది. అది జవాబుని పాత వరసలోనే తెచ్చి ఇస్తుంది. కెజియా ప్రోగ్రాం మాత్రం కొత్త వరస నేర్చుకుని పోయింది. బటన్ గడి అనుకుని అది చూస్తున్న చోట పాత పెట్టెలో వేరే ఏదో అంకె ఉంటోంది. అక్కడ సున్నా కాక ఏ అంకె ఉన్నా ఎవరో బటన్ నొక్కినట్టు లెక్క. హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రాం హారన్ మోగించబోయి, ఎవరో వచ్చి నొక్కేశారులే అనుకుని తనే ఆపేస్తోంది.

హారన్ బాగానే ఉంది. వైర్లు బాగానే ఉన్నాయి. పెట్టె ఏ తప్పూ చేయలేదు. నడిసముద్రంలో ఎవరూ నొక్కని బటన్‌ని నొక్కారని చెబుతున్నది తను రాసిన ప్రోగ్రామే. దాన్ని అన్ని బోట్లకీ పంపేద్దామన్నది కూడా తనే. ఆ మాట గుర్తొచ్చి కెజియా తెర ముందు నుంచి వెనక్కి జరిగింది.

దాని వెనకే ఇంకొకటి గుర్తొచ్చింది. పాత వరస నేర్పే హెడర్లు కావాలంటే పాత ఫోల్డర్ కావాలి. ఆ ఫోల్డర్ని తీసేసి, పైగా చెత్త కూడా ఖాళీ చేసి, గది శుభ్రం చేసినట్టు చేతులు దులుపుకుంది. ఇప్పుడు ఆమెకి తల కొట్టేసినట్టయింది. మాస్టారు తిరిగి వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఆయన మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే లేచి నిలబడింది. ఏం చేసిందో మొత్తం చెప్పేసింది. లింకు సంగతి, ఫోల్డర్ సంగతి, జాలి పడిన సంగతి కూడా దాచలేదు. పెద్దాయన చూసుకోలేకపోతున్నారని తను అనుకోవడం ఆమెకి అన్నిటికంటే ఎక్కువ సిగ్గనిపించింది.

మాస్టారు అంతా విని, తడిసిన తువాలు తీసుకుని కిటికీకి ఆరేశారు.

"నీ చేతికి అందేచోట ఉన్నది నకలు తల్లీ," అన్నారు. "తెలివైనవాళ్లు వస్తారు, దాన్ని తీసేస్తారు. అందుకే నకలు పెట్టాను."

ఆమెని కిందికి తీసుకెళ్లారు. మంచం పక్కన చిన్న బల్ల మీద ఆయన సొంత కంప్యూటరు ఉండేది. దాన్ని మేమెవరం ముట్టుకునేవాళ్లం కాదు. ఆయన తెరిచి చూపించారు. హెడర్ల ఫోల్డర్లు వరసగా ఉన్నాయి. మేడ మీద ఉన్నది వాటిలో ఒక్కదాని నకలు. కెజియా వాటి మీద వెర్షన్ల నంబర్లు ఉంటాయనుకుంది. కానీ వాటికి బోట్ల పేర్లు పెట్టి ఉన్నాయి. గంగాభవాని. వీరాంజనేయ. మరియమాత. నాంచారమ్మ తల్లి అన్నది నాంచారయ్య బోటు. రేవులో పెట్టె ఉన్న ప్రతి బోటుకీ అక్కడ ఒక ఇల్లుంది.

ఒక్కో ఫోల్డర్లో ఉన్నవి ఆ బోటు పెట్టెలోని లైబ్రరీ ఏ హెడర్లతో తయారైందో సరిగ్గా ఆ హెడర్లే. ఆ తర్వాత పెట్టెలో కెర్నెల్‌ని బాగుచేశారా అని కెజియా అడిగితే, చాలాసార్లు మార్చానన్నారు. లోపల కెర్నెల్ ఎంత మారినా, పాత మాట అడిగినవాడికి పాత జవాబే ఇస్తుందట. అది దాని మర్యాద అన్నారు. ఆ మర్యాద గురించి చెప్పేటప్పుడు ఆయన కళ్లలో, మంచి పాటగాణ్ణి తలుచుకున్నవాళ్ల కళ్లలో ఉండే మెరుపు కనిపించిందని కెజియా తర్వాత మాతో చెప్పింది. మర్యాద తప్పితే మనవైపు నుంచే తప్పాలి. లైబ్రరీ ఒక వరస, ప్రోగ్రాం ఒక వరస నేర్చుకుంటే పాపం కెర్నెల్ మాత్రం ఏం చేస్తుంది?

ఇదంతా ఆమె మొదటి రోజే అడిగి ఉంటే మాస్టారు చెప్పేవారా అని మేం చాలాసార్లు వాదించుకున్నాం. చెప్పి ఉండేవారనే నా నమ్మకం. చెప్పినా ఆమె వినేది కాదన్నదీ నా నమ్మకమే.

కెజియా లింకు తీసేసింది. నాంచారమ్మ తల్లి ఫోల్డర్లోని హెడర్లతో ప్రోగ్రాంని మళ్లీ కంపైల్ చేసింది. ప్రోగ్రాంలో తను రాసిన ఒక్క అక్షరం మార్చలేదు. మర్నాడు పొద్దున పెట్టెని తనే ఒళ్లో పెట్టుకుని ఆటోలో రేవుకి వెళ్లింది. మాస్టారు మేడ మీదే ఉండి ఉత్తుత్తి హెచ్చరిక పంపారు.

హారన్ అరిచింది. రేవంతా ఇటు తిరిగింది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు చెవులు మూసుకుని, ఆపమని కేకలేశారు. నాంచారయ్య ఆపలేదు. బటన్ ముందు వేలు పెట్టుకుని, నొక్కకుండా, అలా వింటూ నిలబడ్డాడు. పక్క బోటువాళ్లు బూతులు అందుకునేదాకా వింటూనే ఉన్నాడు. అప్పుడు నొక్కాడు.

"ఇంక మావోడు నిద్రపోలేడండి," అన్నాడు కెజియాతో. అంతకంటే పెద్ద మెప్పు ఆమెకి ఆ తర్వాత ఎక్కడా దొరకలేదట.

మిగిలిన రోజులన్నీ ఆమె ఒకే పనిలో మునిగిపోయింది. అన్ని బోట్లకీ కలిపి ఒకే ప్రోగ్రాం పంపే వీలు లేదు. ఏ బోటు ఫోల్డర్ తెరిస్తే ఆ బోటుకే కంపైల్ చేయాలి. విసుగు పుట్టించే పని. మేం సాయం చేస్తామంటే మొదట వద్దంది, తర్వాత సరేనంది. ఒక్కో బోటు పేరు పైకి చదివి, చేసి, పక్కన పెట్టి, ఇంకొకటి తెరిచేది. పేర్లు చదువుతుంటే బోట్లు కళ్ల ముందు కనిపిస్తున్నాయని ఒకసారి అంది. నంబర్లయితే అలా కనిపించేవి కావేమో.

నిషేధం ఎత్తేసిన పొద్దున బోట్లన్నిటికీ పసుపు రాసి, బొట్లు పెట్టి, గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టారు. కెజియా, మాస్టారు, మేమూ ఒడ్డున నిలబడి చూశాం. నాంచారయ్య కొడుకు బోటు ముందు కొసన నిలబడి మాస్టారికి సలాం చేశాడు. మాస్టారు చెయ్యి ఎత్తి, బోట్లు చిన్నవైపోయేదాకా దించలేదు. ఆయన ఏమైనా ప్రార్థిస్తున్నారేమోనని మేం కాస్త దూరంగా జరిగి నిలబడ్డాం.

ఆ మధ్యాహ్నం గదికి వచ్చాక కెజియా ఫోల్డర్లన్నీ ఒకసారి సరిచూసుకుంది. అన్నిటికీ ప్రోగ్రాం చేరింది, ఒక్కదానికి తప్ప. ఆ ఫోల్డర్ పేరు నీలవేణి. హెడర్లు అన్నిటికంటే పాతవి. ఆ వరసలో ఇంకే బోటూ లేదు. ఆ ఒక్క బోటు కోసమే అవి అక్కడున్నాయి.

రేవులో ఆమె ముందే వాకబు చేసింది. నీలవేణిని ఎన్నో ఏళ్ల కిందట ఎవరో దక్షిణాది రేవులవాళ్లకి అమ్మేశారని ఒకరన్నారు. పేరు మార్చి ఉంటారని ఇంకొకరన్నారు. విరగ్గొట్టి కలప అమ్ముకుని ఉంటారని మరొకరు. ఆ పెట్టె సర్వర్‌ని పలకరించి చాలా కాలమైంది.

ఈసారి కెజియా తనంతట తాను ఏమీ చేయలేదు. మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన టీ గ్లాసు కడుగుతున్నారు.

"నీలవేణి ఫోల్డర్ తీసేయమంటారా మాస్టారూ? ఆ బోటు ఎక్కడుందో ఎవరికీ తెలియదట."

మాస్టారు గ్లాసు బోర్లించి, చేతులు తుడుచుకున్నారు.

"మనకి తెలియదు," అన్నారు. "మనం ఎక్కడున్నామో దానికి తెలుసు."

కెజియా తన బల్ల దగ్గరికి వచ్చి, నీలవేణి ఫోల్డర్ తెరిచి, దాని హెడర్లతో ప్రోగ్రాంని కంపైల్ చేసి, సర్వర్లో ఆ బోటు పేరు మీద పెట్టింది.